మగ గొంతు, ఆడమాట

ఎంక్వైరీ ఆఫీసు మలుపులో చీకటి పడ్డాక ఎవరూ ఎడమ పక్కన నడవరు.

రోడ్డు దాటి, అవతలి వైపు నుంచి పోయి, మలుపు తిరిగాక మళ్ళీ ఇటు దాటుతారు. ఎందుకంటే చెప్పరు. "అటు వీధి దీపాలు బాగుంటాయి" అంటారు. నిజానికి రెండు వైపులా దీపాలు ఒకేలా గుడ్డిగా వెలుగుతుంటాయి.

అది రెండంతస్తుల పాత బిల్డింగు. ఒకప్పుడు ఫోన్ చేసి ఎవరి నంబరు అడిగినా చెప్పే ఆఫీసు. ఆఫీసు కొత్త చోటికి మారిపోయాక కిటికీలకు చెక్కలు కొట్టేశారు. పోతూ పోతూ బల్బులు కూడా ఊడదీసుకుపోయారు. లోపల మనిషి లేడు... వెలుగు లేదు...

కానీ మాట వినిపిస్తుంది.

మొదట విన్నవాడు ఎదురుగా కుట్టు మిషను పెట్టుకున్న దర్జీ. ఓ సాయంత్రం కొట్టు కట్టేస్తుంటే పై అంతస్తులో ఎవరో గబగబా మాట్లాడుతున్నారట — గులకరాళ్ళు రేకు డబ్బాలో పోసి ఊపినట్టు. మనిషి నాలుక తిరిగే వేగం కాదది. కాసేపటికి ఆగింది. ఆగి... నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పిలిచింది.

"ఏమండీ. చుక్క. చుక్క. చుక్క."

గొంతు మగవాడిది. మాట ఆడమనిషిది.

దర్జీ ఆ రాత్రి గుడ్డలు కొలిచే టేపు మెడలో ఉండగానే ఇంటికి పరిగెత్తాడు. మర్నాటికల్లా కథకు కాళ్ళొచ్చాయి. చుక్క అనేది అక్కడ చచ్చిపోయిన ఓ పిల్ల పేరట. "చుక్కా" అనేవాడు మొగుడు, "ఏమండీ" అనేది పెళ్ళాం. ఇద్దరూ ఆ ఆఫీసులోనే పోయారు, ఒక్క గొంతులో ఇరుక్కుపోయారు. ఎవరు వాళ్ళు, ఎప్పుడు పోయారు అంటే మాత్రం ఎవరికీ తెలీదు.

ఇక నేను చెప్పబోయేది మా అన్నకు జరిగింది. అన్న అంటే మా పెదనాన్న కొడుకు. కరెంటు పని. వీధి వీధంతా ఫ్యూజన్న అంటుంది. హైటెన్షను స్తంభమెక్కి, పైన కూర్చుని కిందివాళ్ళతో హాస్యాలాడే మనిషి. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఎప్పుడు కదిపినా మాట మార్చేస్తాడు.

*

ఖాళీ బిల్డింగులో మీటరు తిరుగుతోందని కరెంటాఫీసుకి కబురొచ్చింది. వెళ్ళి సప్లై తీసేసి రమ్మని అన్నకు కాగితం ఇచ్చారు. పొద్దున్నే అయిపోవాల్సిన పని. ఎక్కడో వైరు తెగి, దాని వెనకాల ఇంకోటి తెగి, అన్న అక్కడికి చేరేసరికి పొద్దు వాలిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. వచ్చి నెల కూడా కాలేదు. తాళం చెవులు అన్న చేతిలో పెట్టి తను రెండడుగులు వెనక్కేశాడు.

"లోపలికి రావా?" అన్నాడు అన్న.

"నాకు పిల్లలున్నారన్నా."

"నాకూ ఉన్నారయ్యా."

వాచ్‌మన్ గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

మెయిన్ బోర్డు మెట్ల కింద ఉంది. అన్న టార్చి వేసి చూశాడు. మీటరు తిరుగుతోంది. నెమ్మదిగా... కానీ తిరుగుతోంది. ఒక్క బల్బు లేని ఇంట్లో, చెక్కలు కొట్టిన కిటికీల వెనకాల, ఏదో కరెంటు తాగుతోంది.

అప్పుడు పైన మొదలైంది.

గులకరాళ్ళ చప్పుడు. గబగబ గబగబ... ఆగింది.

అన్నది అనుమానం వచ్చిందంటే తేల్చుకోకుండా ఉండలేని బుద్ధి. టార్చి ఆర్పి మెట్లెక్కాడు. ఎందుకు ఆర్పావని అడిగితే, "అవతలివాడు ఎవడో తెలియకుండా నేనిక్కడున్నానని నేనే చెప్పుకోవడం ఎందుకు" అన్నాడు. ఒక్కో మెట్టూ... గోడ తడుముకుంటూ...

పైన పెద్ద హాలు. తలుపు ఓరగా ఉంది. లోపల వెలుగు చుక్కంత కూడా లేదు. చీకటి... ఆ చీకట్లోంచి, బారెడు దూరంలో ఉన్నట్టుగా —

"నేను ఇంటికి వెళ్తున్నా చుక్క. తలుపు గడియ వెయ్యను చుక్క. నేరుగా లోపలికి వచ్చెయ్యండి చుక్క."

తలుపు మీద అన్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"చప్పుడు చేసినా పర్లేదు చుక్క. నేను లేచే ఉంటా—"

ఎలా దిగాడో తెలీదు. మెట్లు మోకాళ్ళకు తగిలాయో, మోకాళ్ళే మెట్లకు తగిలాయో. బోర్డు దగ్గరకొచ్చి పడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని కనుక చెయ్యి దానంతటదే మెయిన్ హ్యాండిల్ వెతుక్కుంది. కిందికి లాగేశాడు.

మాట మధ్యలో తెగింది.

నిశ్శబ్దం... చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

తర్వాత పైన కుర్చీ జరిగింది.

ఆ వెనకే ఇంకో గొంతు. ఇది వేరే గొంతు. వయసు మళ్ళినది, మెత్తనిది. అరవలేదు. మెట్ల మీది నుంచి కిందికి, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అడిగింది.

"కింద ఎవరో గానీ బాబూ... కరెంటు తీశారా?"

*

అన్న హ్యాండిల్ పైకి తోశాడు. పైన ఏదో టిక్కుమంది. గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ టిక్కుమంది... ఆగిపోయింది. ఇక అనలేదు.

టార్చి వేసుకుని పైకెళ్ళాడు. హాలులో అన్నీ తీసేశారు, ఒక మూల బల్ల తప్ప. బల్ల మీద పాతకాలపు కంప్యూటరు. దాని పక్కన ఇటుక రాయంత పెట్టె, ముందు జాలీ. బల్ల ముందు అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఇస్త్రీ చొక్కా, మడిచి ఒళ్ళో పెట్టుకున్న తెల్ల కర్ర. రెండు చేతులూ ఆ పెట్టె మీద పెట్టి కూర్చున్నాడు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూస్తున్నట్టు.

టార్చి వెలుగు ముఖం మీద పడినా ఆయన రెప్ప వెయ్యలేదు.

అప్పుడు అర్థమైంది అన్నకు... ఆ గదిలో దీపం ఎందుకు లేదో. ఆ మనిషికి దీపంతో పనేంటి?

"ఎంతసేపు తీశావు బాబూ?"

"నిమిషం కూడా లేదు సార్."

"నిమిషం." ఆయన తల ఊపాడు. "దీన్ని ఆపొద్దన్నారు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో చెప్పలేమన్నారు. కదిలించొద్దన్నారు. అందుకే ఇంటికి తీసుకుపోలేదు. ఆస్పత్రి లైను కదా ఇది, ఎప్పుడూ కరెంటు పోదు... మూడేళ్ళు నడిచింది."

"మీరు... లోపలికి ఎలా వచ్చారు సార్?"

"వెనక గేటు తాళం నా దగ్గరుంది. పాత వాచ్‌మన్ ఇచ్చిపోయాడు. అతనికి తెలుసు. కొత్తాయనకు చెప్పాలనుకుంటూనే ఉన్నాను."

వేళ్ళతో పెట్టె వెనక ఒక మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. టిక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"గొంతు పోయింది" అన్నాడు. ఏడవలేదు. అన్న మాత్రం ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ముఖం చూపించకుండా అటు తిరిగి చెప్పాడు.

*

ఆయన ఆ ఆఫీసులో ఆపరేటరు. ఫోనెత్తి నంబరు చెప్పడం పని. చూపు లేనివాళ్ళు ఏడుగురుండేవారట అక్కడ. తెర మీది రాతలను చదివి చెప్పే పెట్టెలు ఒక్కొక్కరి బల్ల మీదా ఒకటి. ఎవరి గొంతు వాళ్ళు ఎంచుకునేవారు. ఒకడికి ఆడగొంతు కావాలి. ఇంకొకడికి మనిషి గొంతే వద్దు, వేగం ఉంటే చాలు. సాటివాడి గొంతు పెట్టుకుంటే పక్కింటివాడి చెప్పులేసుకున్నట్టు నడక తప్పుతుంది. ఈయన ఎంచుకున్నది అందరికన్నా పాతది, బండది. "నీ పెట్టెకు జలుబు చేసిందిరా, మాత్ర వెయ్యి" అని మిగతావాళ్ళు ఏడిపించేవారు.

ఓ రోజు పొద్దున డ్యూటీ ఎక్కి కూర్చోగానే ఆ పెట్టె ఆయనతో, "మీరు కూర్చున్నది నా కుర్చీ చుక్క" అంది.

ఆ మాట కొట్టినావిడ అక్కడి టైపిస్టు. పుట్టుకతో మాట రాదు. తన కుర్చీ మీద కూర్చున్న మనిషికి సైగ చేస్తే కనపడదు, పిలుద్దామంటే నోరు లేదు. ఆయన భుజం మీదుగా వంగి ఆయన మిషనులోనే టైపు చేసింది.

ఏడాదికి పెళ్ళయింది.

"ఇంట్లో అరచేతి మీద రాసేది" అని చెప్పాడట ఆయన. "ఒక్కో అక్షరం. రెండు మూడు మాటలకే నాకు చక్కిలిగింత, ఆవిడకు విసుగు. అందుకని డ్యూటీ అయ్యాక గంటసేపు ఇక్కడే ఉండిపోయేవాళ్ళం. ఆవిడ కొట్టేది, నేను వినేవాణ్ణి. నాకు రాత్రి డ్యూటీ పడితే ముందే రాసిపెట్టి పోయేది. కాపురం ఇంట్లో, కబుర్లు ఆఫీసులో."

"మరి చుక్క అంటే సార్?"

"వాక్యం చివర పెట్టే చుక్క బాబూ. పెట్టె అవి కూడా చదివేలా పెట్టుకున్నాను. మాటలో కోపం, మారాం మనం గొంతులో చూపిస్తాం. ఆవిడకు గొంతు లేదు కదా, చుక్కల్లో చూపించేది. ఒక్క చుక్క అయితే మామూలు. మూడు చుక్కలు పెట్టిందంటే అలిగిందని."

మూడేళ్ళ కిందట ఆవిడ జబ్బుపడింది. చివరి రెండు రోజులు చేతులు లేవలేదు. చేతులు లేవకపోతే ఆవిడకు మాట పోయినట్టే. ఆయన తన అరచెయ్యి ఆవిడ వేలి కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి వేలు కదిలింది. ఒక అక్షరంలో సగం... అది ఏ అక్షరమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాడు.

ఆ తర్వాత ఆఫీసు మారింది. కొత్త మిషన్లొచ్చాయి, తేనె పూసినట్టు మాట్లాడే గొంతులొచ్చాయి. పాతది ఎవరికీ అక్కర్లేక ఇక్కడే వదిలేశారు. అందులో ఆవిడ రాసినవన్నీ ఉన్నాయి. ఆయన రోజూ డ్యూటీ దిగి, వెనక గేటు తీసుకుని వచ్చి, గబగబా చదివిస్తూ వెతుక్కుని, కావలసింది దొరికాక వేగం తగ్గించుకుని వినేవాడు. ఒకటో రెండో విని ఇంటికి పోయేవాడు.

అది దెయ్యం.

*

మర్నాడే అన్న ఆ కంప్యూటరునూ పెట్టెనూ దుప్పట్లో చుట్టి బజారుకి తీసుకెళ్ళాడు. అక్కడ పాత మిషన్లు బాగుచేసే అమ్మాయి ఉంది. చిన్న పిల్లే గానీ చెయ్యి మంచిదని పేరు. తొమ్మిది రోజులు దాని మీదే కూర్చుంది.

"రాతలన్నీ దొరికాయి అంకుల్. ఒక్కటి పోలేదు" అంది. తర్వాత పెట్టె వైపు చూసింది. "ఇది మాత్రం చచ్చిపోయింది. లోపల చిప్పు కాలిపోయింది. ఇలాంటిది ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు. చేసినవాళ్ళే మూసేసి ఎన్నేళ్ళో అయింది."

"ఆ గొంతు వేరే ఎక్కడైనా—"

"వెతికాను అంకుల్. నిజంగా వెతికాను."

రాతలన్నీ ఆయన ఫోనులోకి ఎక్కించింది. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కో గొంతూ వినిపించింది. అన్న పక్కనే నిలబడ్డాడు. పదకొండు గొంతులు. ఆడవి, మగవి. ఒకటి ఊపిరి కూడా తీసుకుంటుంది. ఇంకోటి సంతోషం వస్తే సంతోషంగా చదువుతుంది. అన్నకైతే ఒకదాన్ని మించి ఒకటి ముద్దొచ్చాయి.

ఆయన అన్నీ విన్నాడు. ప్రతి దాని తర్వాతా "బాగుందమ్మా" అన్నాడు. చివరికి ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

"నచ్చలేదా సార్?" అంది ఆ అమ్మాయి.

"అన్నీ బాగున్నాయమ్మా. కానీ ఎవరో పరాయి మనుషులు మా ఇంట్లో దూరి, మా ఆవిడ ఉత్తరాలు చదువుతున్నట్టుంది. అంతే."

బయటికొచ్చాక అన్న నడవలేకపోయాడు. బజారు మధ్యలో ఆగిపోయి, "సార్, నన్నేం చెయ్యమంటారో చెప్పండి" అన్నాడు.

ఆయన చాలాసేపు కర్ర కొనతో నేల తడుముతూ నిలబడ్డాడు.

"నీకు చదవడం వచ్చా?"

"అయిదు దాకా చదివాను సార్. కూడబలుక్కుని చదువుతాను."

"కూడబలుక్కునే చదువు" అన్నాడు ఆయన.

*

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పొద్దున అన్న ఆయన ఇంటికి వెళ్ళేవాడు. రెండు గదుల ఇల్లు. కుర్చీ పక్కన మంచినీళ్ళు పెట్టి ఉండేవి, గొంతు తడుపుకోవడానికి. ఆ అమ్మాయి అచ్చు వేసిచ్చిన కాగితాలు అన్న చేతిలో. వేలు కింద పెట్టుకుని, ముక్కా ముక్కా, ఏ మాటా ఎక్కడా తేలకుండా, ఒకే ధోరణిలో చదివేవాడు. చుక్కలతో సహా.

ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. కొన్నిచోట్ల నవ్వేవాడు.

ఒకసారి ఇలా ఉంది. "మీ చెల్లెలు నన్ను మూగది అన్నప్పుడు మీరు నవ్వారు చుక్క. ఆమె నవ్వు మీకు వినిపించింది చుక్క. నా ముఖం మీకు కనిపించలేదు చుక్క చుక్క చుక్క."

అన్న ఆగిపోయాడు.

"చదువు బాబూ. అది పన్నెండేళ్ళ కిందటిది. మర్నాడే దానికి జవాబు చెప్పుకున్నాను."

అన్న తర్వాతి కాగితం తిప్పాడు. దాని తర్వాతిది తిప్పాడు. "ఇక్కడ లేదు సార్ జవాబు."

"ఉండదు. నేను నోటితో చెప్పాను కదా."

ఆ కాగితాల నిండా ఆవిడే. ఆయన అన్నవి ఎక్కడా లేవు.

వారాలు గడిచాయి. చదవగా చదవగా అన్న నాలుక తిరిగింది. వేలు లేకుండానే చదవసాగాడు. వదిన ఇంట్లో, "ఈ తెలివి బళ్ళో ఉన్నప్పుడు వచ్చుంటే పెద్ద ఆఫీసరయ్యేవాడివి" అని ఎకసెక్కాలాడేది. రాతల్లో ఆయన భార్య అలిగిన చోట అన్న గొంతు అలిగేది. వేళాకోళం చేసిన చోట నవ్వేది. తనకు తెలీకుండానే.

అప్పుడు ఆయన చెయ్యి ఎత్తేవాడు.

"భావం వద్దు బాబూ. ఆ పెట్టె ఎప్పుడూ పెట్టలేదు. మాటను ఖాళీగా ఇచ్చేది. అందులో ఆవిడని నేను పెట్టుకునేవాణ్ణి."

"అలాగే సార్" అనేవాడు అన్న. బండగా చదవడానికి ప్రయత్నించేవాడు. కొన్ని వాక్యాలు నిలబడేవి... తర్వాత గొంతు తన దారి తను చూసుకునేది. ఆ మనుషులిద్దరూ అప్పటికి అన్నకు బాగా తెలిసిపోయారు మరి.

వానలు మొదలైన ఆదివారం. అన్న గొడుగు మడుస్తూ వెళ్ళేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"కూర్చో బాబూ, ఇక్కడే" అన్నాడు. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"మొన్న తెల్లవారుజామున మెలకువొచ్చింది. వంటగదిలోంచి ఆవిడ పిలిచినట్టయింది. అదేం కొత్త కాదు, ఈ మూడేళ్ళుగా పిలుస్తూనే ఉంది. పలకబోయాను..."

ఆగాడు.

"నీ గొంతుతో పిలిచింది, బాబూ."

వాన చూరు మీద నుంచి కారుతోంది.

"పెట్టె పోయినా ఆ గొంతు నా చెవిలో ఉండేది. నిన్నంతా కూర్చుని వెతికాను. ఆవిడ మాటలన్నీ ఒక్కొక్కటే అనుకుని చూశాను. ఏది అనుకున్నా నువ్వే వస్తున్నావు."

"నేను... మానేస్తాను సార్."

"నీ తప్పేం లేదు. మంచి మనసుతో చదివావు." ఆయన వెతుక్కుని అన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఇంకొన్నాళ్ళు ఏ గొంతూ వినకుండా ఉంటే తిరిగొస్తుందేమో చూస్తాను. ఏమీ అనుకోకు. ఇప్పుడు లేచి, మాట్లాడకుండా వెళ్ళు. వెళ్ళొస్తానని కూడా అనకు."

అన్న లేచాడు. కాగితాలు మెట్టు మీద, తడవని చోట పెట్టాడు. గొడుగు విప్పితే చప్పుడవుతుందని తడుస్తూనే వెళ్ళిపోయాడు.

ఇద్దరిదీ ఒకటే పేట. దారిలో ఎదురుపడుతూనే ఉంటారు. తెల్ల కర్ర అల్లంత దూరాన కనపడగానే అన్న మాట ఆపేస్తాడు. పక్కన నేనున్నా, పై ఆఫీసరున్నా సరే, వాక్యం మధ్యలో ఆపేసి గోడ పక్కకు జరిగి, ఆయన వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

అలా ఏడాది దాటింది. ఆవిడ గొంతు ఆయనకు తిరిగి దొరికిందో లేదో అన్నకు తెలీదు. అడగాలంటే నోరు విప్పాలి కదా.